యమకోర మలుపులో పలికిన గొంతు

తామ్రగిరికి ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దు పొడిచే వేళకు కొండ కొండంతా తోమిన రాగిచెంబులా మెరుస్తుంది. ఆ కొండను చుట్టుకొని పైకి పాకి, మళ్లీ కిందికి దిగివచ్చే దారి పేరు అగ్నివీథి. కొండ పాదాన, కోటగోడ నీడలో, నున్నగా చదును చేసి పూలు చల్లిన దారి పేరు పూలదారి. మొదటిది మగవాళ్ల రథాలకు, రెండోది ఆడవాళ్ల రథాలకు. ఏటా వసంతపూర్ణిమనాడు రెండిటిలోనూ పందేలు జరుగుతాయి. అగ్నివీథిలో గెలిచినవాడు ఏ వరం అడిగినా రాజు కాదనకూడదు. పూలదారిలో గెలిచిన పిల్లకు మెడనిండా పూలదండ వేస్తారు. సాయంత్రానికి అది వాడిపోతుంది. ఇంతే తేడా అని తామ్రగిరి పెద్దమనుషులు చెబుతారు. ఇంతే తేడా అయితే ఆ పూలదండేదో మీరే వేసుకొని వరం ఆడవాళ్లకు ఇవ్వరాదా అని మాత్రం వాళ్లను అడగకూడదు.

ఆ పూర్ణిమ ఉదయం నగరమంతా పెళ్లివారిల్లయింది. బురుజుల మీద పట్టు పతాకాలు, రాజవీథుల్లో కళాపి చల్లి తీర్చిన ముత్యాల ముగ్గులు, ఏనుగుల కుంభస్థలాల మీద సిందూరం, భేరీల మోత, సన్నాయిల పాట. దేశదేశాల రాకుమారులు కిరీటాలు సవరించుకుంటూ ఒకరి రథాన్ని ఒకరు ఓరకంట చూసుకుంటున్నారు. ఇంత సంబరంలో కళ్లు తుడుచుకుంటున్న మనిషి ఒక్కతే. పూలదారి గుర్రపుసాలలో, గడ్డివామి చాటున నిలబడి, తురగవల్లి తన జుట్టును మగవాళ్ల తలపాగాలోకి దోపుకుంటున్నది.

తురగవల్లి రథసారథుల ఇంటి పిల్ల. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అన్న శరభుడు పెంచాడు. పగ్గం పట్టిన ఏడు నుంచి పూలదారిలో ఆమెను మించిన పిల్ల లేదు. ఆమె పందెం జరిగినప్పుడల్లా శరభుడు కంచె పట్టుకొని నిలబడి గొంతు పోయేటట్టు అరిచేవాడు. పోయిన వసంతంలో ఆ కంచె దగ్గర అతను లేడు. ఆ ఉదయమే అగ్నివీథిలో, యమకోర మలుపులో, రాయి అయిపోయాడు.

యమకోర అంటే కొండకొమ్ము ఒకటి దారిలోకి పొడుచుకువచ్చిన చోటు. దాని మీది గుహలో కరకంఠుడనే మాంత్రికుడు ఉంటాడు. ఆ మలుపులో ఆగిన ప్రాణి ఏదైనా ఆగినచోటే శిల కావాలని వాడి శాపం. శరభుడు ఆగింది భయంతో కాదు. అతని ముందు సేనాపతి కొడుకు భైరవసేనుడి రథం చక్రం విరిగి, ఆ మనిషి దారిలో పడి దొర్లుతున్నాడు. అతన్ని తొక్కించలేక శరభుడు పగ్గం బిగించాడు. భైరవసేనుడు పాక్కుంటూ బయటపడ్డాడు. శరభుడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు.

రాయిని మనిషిని చేసే సంజీవనీ రసం రాజుగారి ఖజానాలో ఉంది. పూర్వం కలశం నిండా ఉండేదట. ఒక్కో రాజు ఒక్కో జబ్బుకు వాడుకోగా ఇప్పుడు మిగిలింది ఒక్క చుక్క. దాన్ని రణవిజయ మహారాజు తన చివరి ఘడియకని దాచుకున్నాడు. అగ్నివీథి విజేత వరంగా అడిగితే తప్ప ఆయన చేతి నుంచి అది ఊడిరాదు. పోయిన ఏటి వానలకు శరభుడి రథమూ రాతిగుర్రాలూ ముక్కలై లోయలో రాలిపోయాయి. అతని మెడ మీద కూడా ఒక పగులు పుట్టింది. వచ్చే వానలకు ఆ మెడ నిలవదు. అందుకే వల్లి అడవిలోని యోగినిని ఆశ్రయించి మౌనమూలిక తెచ్చుకుంది. అది నాలుక కింద ఉన్నంతసేపు ఆడమనిషికి మగరూపు ఉంటుంది. నోరు విప్పి ఒక్క మాట పలికిందా, మూలిక ఊడిపడుతుంది, రూపు కరిగిపోతుంది.

"ఏందమ్మీ, మగోడి తలపాగా నీకు బాగానే నప్పిందే!"

వల్లి ఉలిక్కిపడింది. సాల గుమ్మంలో ఓబళాంబ, వల్లి చేతిలోని మూలిక వైపు చూస్తూ నిలబడి ఉంది. పూలదారికి పెద్ద ఆమే. ఆడపిల్లలకు పగ్గం పట్టడం నేర్పేదీ ఆమే. మూలిక ఇంకా నోట్లో పెట్టుకోలేదు గనుక వల్లి జవాబు చెప్పగలిగింది.

"అడ్డం రావద్దవ్వా. నీకు దండం పెడతా."

"నేనేల అడ్డమొస్తా? నీ చేతికి పగ్గమిచ్చిందే నేను. మధ్యాహ్నం పూలదారిలో నీ పేరు పిలుస్తారే, అప్పుడు నేనేం జెప్పల్ల?"

"జబ్బు చేసిందని చెప్పు."

"రాజుకు జెప్తా. ఆ ఆడపిల్లలకేం జెప్పేది? నిన్ను జూసి గదా వాళ్లంతా పగ్గం పట్టింది!"

వల్లికి కోపం వచ్చింది. ఏడుపు మింగుకున్నవాళ్లకు కోపం తొందరగా వస్తుంది.

"ఆ పూలదారే నా ప్రాణానికి అడ్డమవ్వా! అగ్నివీథిలో నన్నూ తోలనివ్వండని రాజు కాళ్ల మీద పడితే ఏమన్నాడు? మీకు మీ దారి ఉంది గదమ్మా అన్నాడు. మంత్రీ అదే మాట. సేనాపతీ అదే మాట. పొమ్మనలేక పొగబెట్టినట్టు, మనకు పూలు పెట్టారు. అది దారి కాదు, గోడ. ఆ గోడే లేకుంటే ఈ పూట నేనిట్లా దొంగలాగా మీసం పెట్టుకునే పని ఉండేదా?"

ఓబళాంబ తన కుడిచెయ్యి పైకెత్తింది. ఆ చేతికి చూపుడువేలూ నడిమివేలూ లేవు. పడుచుతనంలో ఒకనాడు సరదాకు తండ్రి రథం పగ్గాలు పట్టుకున్నందుకు అప్పటి రాజు నరికించాడు. తరువాత ఒక యుద్ధంలో దండు విడిది తగలబడిపోతుంటే, ఆ మిగిలిన వేళ్లతోనే రథం తోలి పట్టపురాణిని మంటల్లోంచి బయటికి తెచ్చింది. రాణి ఆమె చేతిని చూసి ఏడ్చి, పగ్గం పట్టిన ఆడపిల్లకు వేలు తెగని చోటు ఒక్కటైనా ఈ రాజ్యంలో ఉండాలని భర్త దగ్గర పట్టుబట్టింది. ఆ చోటే పూలదారి.

"గోడే. కాదంటినా?" అంది ఓబళాంబ. "ఎండలో నిలబడినోళ్లకు గోడ నీడ గూడా నీడే అమ్మీ. ఏరు దాటినాక తెప్ప తగలేసేవాళ్లను జూసినా. నువ్వు ఏటి నడుమనే తగలేస్తుండావు."

"నీడన పెరిగిన చెట్టు కాపు కాయదవ్వా."

ఆ మాట అన్నాక అనకుండా ఉండాల్సిందని వల్లికి తోచింది. ఓబళాంబ ముసలి ముఖంలో రంగు మారింది. ఆమె వల్లి గుర్రాలు కాటుకా గోరంటాల దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చొని, వాటి డెక్కలకు చుట్టిన గుడ్డలు విప్పడం మొదలుపెట్టింది. పూలదారిలో గుర్రాల డెక్కలకు గుడ్డలు చుట్టాలి, పూలు నలగకూడదని. కొరడా పట్టకూడదు, ఆడవాళ్ల చేతిలో కొరడా అశుభమని. గోటితో పోయే పనికి గొడ్డలెందుకన్నట్టు ఆ పిల్లలు పలుకుతోనే గుర్రాలను తిప్పడం నేర్చుకున్నారు. ఇక పందెం ఎప్పుడూ ఎడమచుట్టే తిరగాలి. నడిమధ్య రాణివాసపు మంటపం ఉంటుంది, మలుపులో పిల్లల ముఖాలు అటే ఉండాలి, బయట నిలబడ్డ మగవాళ్ల వైపు తిరగకూడదు. ఇవన్నీ ఎవరో పెద్దలు బాగా ఆలోచించి పెట్టిన నియమాలు.

"అగ్నివీథి కుడిచుట్టు. కాటుకా, గోరంటా పుట్టినకాడ్నుంచి ఎడమకే తిరిగినాయి," అంది ఓబళాంబ తల ఎత్తకుండా. "నువ్వా, మాట్లాడేదానికి లేదు. యమకోర కాడ వీటినెట్ట తిప్పుతావు?"

"అడవిలో కుడి మలుపు నేర్పాను. కొరడా కూడా అలవాటు చేశాను."

"అలవాటయింది నీ చేతికి. అదురు పుట్టినకాడ పాత బుద్ధే పైకొస్తాది, మనిషికైనా గొడ్డుకైనా." ఆఖరి గుడ్డ విప్పి ఓబళాంబ లేచింది. "పో. నీ యన్నను దెచ్చుకో. ఆ బిడ్డ చేతి ముద్ద నేను గూడా తిన్నా."

వల్లి ఆమె పాదాలు తాకి, మూలిక నాలుక కింద పెట్టుకుంది. మరు క్షణం గుర్రపుసాలలో శంఖద్వీపం నుంచి వచ్చినట్టు పందెపు పట్టీకెక్కిన మూగ రాకుమారుడు నిలబడి ఉన్నాడు.

భేరి మోగింది. రథాలు కట్లు తెంచుకున్నట్టు ఉరికాయి. ఇనుపపట్టీ వేసిన చక్రాల కింద రాళ్లు నిప్పులు కక్కాయి. మొదటి గండం అగ్నిగుండాలు. దారికి అటూ ఇటూ తవ్విన గుంతల్లో నల్లకట్టెలు భగభగ మండుతున్నాయి, పొగ కళ్లు కప్పేస్తున్నది. కళింగ దేశపు రాకుమారుడి గుర్రాలు బెదిరి వెనక్కి తిరిగిపోయాయి. కాటుకా గోరంటా చెవులు వెనక్కి వాల్చి, ఆ పొగలోంచి దూసుకుపోయాయి. పక్కన ఎవడో రథం ఇరుసు విరిగి కేక పెట్టాడు. చూడడానికి వ్యవధి ఎక్కడిది!

రెండో గండం తాళ్ల వంతెన. ఒక్క రథం పట్టే వెడల్పు. ముందు వెళ్లినవాడిదే వంతెన, వెనకపడ్డవాడిది లోయ. జోడు రథాలు ఒకేసారి దాని మీదికి దూరబోయి ఒకదానికొకటి చిక్కుపడి ఆగిపోయాయి. వల్లి కొరడా ఝళిపించింది. గోరంట మొదట ఎగిరింది, దాని వెంట కాటుక ఎగిరింది, చిక్కుపడ్డ పగ్గాల మీదుగా రథం దూకి చెక్కల మీద పడింది. వంతెన ఉయ్యాలలా ఊగింది. వెనక్కి చూడకుండా ఆమె అవతలి గట్టు ఎక్కేసింది. ఇప్పుడు ముందున్న రథం ఒక్కటే, అది భైరవసేనుడిది. పోయిన ఏడు ఎవరి పుణ్యాన బతికాడో అతనికి గుర్తుందో లేదో తెలియదు గాని, వీపు నిటారుగా పెట్టుకొని తోలుతున్నాడు.

గద్దలు వచ్చాయి. కరకంఠుడి గుహలోంచి పొగలా లేచి, గుర్రాల కళ్ల ముందు రెక్కలు కొట్టాయి. ఆ రెక్కల సందుల్లోంచి యమకోర కనిపించింది. కుడివైపు కత్తిలా సాగిన కొండకొమ్ము, ఎడమవైపు అడుగు కనిపించని లోయ. ఆ లోయ అంచున, దారికి ఒరిగి, ఒక రాతిమనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో రాతిపగ్గం ఉంది. పగ్గం అవతల గుర్రాలు లేవు. చెవి కింది నుంచి భుజం దాకా పగులు. ఆ పగుల్లో గడ్డిపోచ ఒకటి మొలిచింది.

అన్నా! అని వల్లి గుండెలో అనుకుంది. ఆ ఒక్క క్షణం ఆమె చేయి వణికింది.

పగ్గం పట్టిన చేయి వణికితే గుర్రాలకు తెలిసిపోతుంది. గద్దల రెక్కలకు బెదిరి ఉన్న కాటుకకు అదురు పుట్టింది. ఓబళాంబ చెప్పినట్టే జరిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏ మలుపు వచ్చినా ఎటు తిరిగిందో, కాటుక అటే తిరిగింది. ఎడమకు. లోయ వైపుకు. గోరంటా దానితోనే ఒరిగింది. వల్లి కొరడాతో కొట్టింది. దెబ్బ ఎందుకో తెలియని కాటుక ఇంకా ఎడమకు లాగింది. పగ్గం బిగిస్తే రాయి. బిగించకపోతే లోయ. చక్రం అంచు దాటి గులకరాళ్లు జలజలా రాలాయి.

కొరడా విసిరేసి, వల్లి నోరు విప్పింది.

"కాటుకా! ఇటమ్మా, నా తల్లీ, ఇటు! ఓ... గోరంటా! హో హో... ఇటు, ఇటు, ఇటు!"

పూలదారి పిల్లల పలుకు అది. తెల్లవారుజాము మంచులో ఓబళాంబ నేర్పిన పలుకు. మూలిక ఊడి లోయలో పడింది. మీసం కరిగింది, తలపాగా విడి జడ వీపు మీదికి జారింది. గుర్రాల చెవులు నిక్కాయి. ఆ గొంతు ఏ దిక్కున పిలిస్తే ఆ దిక్కు తమదని నమ్మిన ప్రాణులవి. కుడికి మళ్లాయి. కొండకొమ్మును రాసుకుంటూ, నిప్పులు రాలుస్తూ, రథం మలుపు తిరిగింది. అదే ఊపులో, పక్కన ఆడగొంతు విని నోరు తెరిచిన భైరవసేనుణ్ణి దాటిపోయింది.

పైన గుహలో ఎవరో నవ్వారు. రాతిని రాతితో రాసినట్టున్న నవ్వు.

"పో అమ్మాయీ, పో! ఆగనివాళ్లను నేనేమీ చేయలేను. నీకు అసలు మలుపు కింద మైదానంలో ఉంది."

మాంత్రికులు అబద్ధాలాడతారంటారు. కరకంఠుడు ఆ పూట ఆడలేదు.

మైదానంలోకి మొదటి రథం దిగగానే జనం జయజయధ్వానాలకు నోళ్లు తెరిచారు. సారథి జడ చూసి, తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉండిపోయారు. భేరి వాయించేవాడి చేయి గాలిలో ఆగింది. కంచె అవతల, పూలదారిలో తమ పందేనికి గుర్రాల డెక్కలకు గుడ్డలు చుట్టుకుంటున్న ఆడపిల్లలు మాత్రం "వల్లక్కా!" అని కేకపెట్టారు. ఆ కేక ఒంటరిగా మైదానమంతా తిరిగింది.

రణవిజయ మహారాజు సింహాసనం దిగలేదు. గడ్డం నిమురుకున్నాడు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అనుకున్నప్పుడల్లా ఆయన గడ్డం నిమురుకుంటాడు.

"ఎవరమ్మా నీవు?"

"మీ సారథి శరభుడి చెల్లెల్ని మహారాజా. అగ్నివీథి గెలిచాను. ఆచారం ప్రకారం వరం అడుగుతున్నాను. సంజీవనిలోని ఆ చుక్క ఇప్పించండి. మా అన్నను బతికించుకుంటాను."

"మీకు మీ దారి ఉంది గదా!" అని మంత్రి అరిచాడు. "ఇది అపచారం!" అని సేనాపతి లేచాడు.

రాజు చేయెత్తి వాళ్లను ఆపాడు. ఆయన గొంతులో తేనె ఉంది.

"కాదు, కాదు. ఈ అమ్మాయి మన కళ్లు తెరిపించింది. ఆడవాళ్లు అగ్నివీథిలో మగవాళ్లను గెలవగలరని రుజువు చేసింది. అలాంటప్పుడు వాళ్లకు వేరే పూలదారి దేనికి? అది దారి కాదు, గోడ. నీడన పెరిగిన చెట్టు కాపు కాయదు. ఏమమ్మా, నిజం కాదా? వరం ఇస్తాను. ఈ క్షణం నుంచి పూలదారి మూత. పగ్గం పట్టాలనుకున్న ఆడపిల్ల ఎవరైనా సరే, ఇక అగ్నివీథిలోనే, ఇనుపచక్రాలతో, మగవాళ్ల పక్కనే తోలాలి. పూలదారి ఉండాలంటావా, అప్పుడు అగ్నివీథి నీది కాదు. వరమూ నీది కాదు. ఏది కావాలో నీవే చెప్పు."

ఉదయం గుర్రపుసాలలో తాను అన్న మాటలే అవి. ఎవరు విని ఎప్పుడు మోశారో గాని, రాజు నోట్లోంచి తన మాటలు తనకే వినపడేసరికి వల్లి కంచె వైపు తిరిగి చూసింది. అవి అబద్ధం కాదు. ఇప్పటికీ కాదు. కానీ ఆ మాటలు పట్టుకొని ఈయన ఏం చేయబోతున్నాడో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. కంచె అవతల ఉన్న పిల్లల్లో ఎవరికీ ఇంకా కొండదారి తెలియదు. మొన్న మొన్ననే పగ్గం పట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లను వచ్చే వసంతంలో యమకోరకు ఎవరు పంపుతారు? ఏ తల్లి పంపుతుంది? ఎవరూ రారు. ఎవరూ రాలేదు చూశారా, మేం తలుపులు తెరిచే ఉంచాం అని ఈయన గడ్డం నిమురుకుంటాడు. ఒప్పుకోకపోతే, వానలు ఎంతో దూరం లేవు.

యమకోరలో లోయ అంచున పలికిన గొంతు ఇక్కడ పలకలేదు. వల్లి తలెత్తి ఓబళాంబ కోసం చూసింది. చిన్నపిల్ల తప్పిపోయి తల్లిని వెతుక్కున్నట్టే చూసింది.

ఓబళాంబ కంచె దాటి వచ్చింది. మెల్లగా, ఎవరి వైపూ చూడకుండా, సింహాసనం ముందుకు నడిచింది. పూలదారి పగ్గం ఒకటి ఆమె భుజాన ఉంది. నాటి పట్టపురాణి తన చేత్తో అల్లి ఇచ్చిన ఎర్రపట్టు పగ్గం. దాన్ని తీసి రాజు పాదపీఠం మీద పెట్టింది.

"పిల్లనడుగుతావేంది మహారాజా? పూలదారి మీ యమ్మ నాకిచ్చింది. ఆ పిల్లకు కాదు. ఇచ్చేది నేను. తీసుకో. చుక్క దెప్పించు."

"అవ్వా, వద్దు!" వల్లి రథం మీద నుంచి దూకబోయింది.

"దిగొద్దు!" ఓబళాంబ గొంతు కొరడాలా మోగింది. "ఆగితే రాయవుతావు. కలశం తీసుకొని పో. మళ్ల యాడ్వచ్చు."

కలశం వచ్చింది. అరచేతిలో పట్టేంత బంగారు బుడ్డి. ఖజానాదారు దాన్ని వల్లికి అందిస్తుంటే, రాజుగారి చూపు దాని వెంటే సాగింది. కంచె అవతల పిల్లలు వంగి, చుట్టిన గుడ్డలు విప్పుకుంటున్నారు. ఒక పిల్ల ముడి రాక పళ్లతో లాగుతున్నది. వల్లి అటు చూడలేకపోయింది. ఆమె ఏడుస్తూనే రథాన్ని వెనక్కి తిప్పింది. దిగివచ్చిన దారినే, ఎదురు దిశగా, యమకోరకు ఎక్కసాగింది.

ఎదురు దిశ అంటే ఎడమచుట్టు. గుర్రాలకు అది పుట్టింటి దారి. ఎన్నడూ లేనంత వేగంగా, ఒక్క పలుకైనా అక్కర్లేకుండా, అవి కొండ ఎక్కాయి. కింద మైదానంలో కొమ్ము ఊదిన శబ్దం వినపడింది. వల్లి వెనక్కి చూసింది. సేనాపతి గుర్రపుదండు వెంట పడి వస్తున్నది. ముందున్నవాడు అరుస్తున్నాడు.

"మారువేషంలో అగ్నివీథి తొక్కినందుకు శిరచ్ఛేదం! రాజాజ్ఞ! ప్రభువులు వరమిచ్చారు గాని, క్షమాభిక్ష పెట్టలేదు!"

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా! వల్లి పళ్లు బిగించింది. యమకోర వచ్చేసింది. ఇప్పుడు అన్న కుడిపక్కన, లోయ అంచున ఉన్నాడు. అక్కడ ఆగడానికి లేదు. ఆగకుండానే ఆ చుక్క అతని మీద పడాలి, ఆగకుండానే అతన్ని రథంలోకి లాగాలి. అగ్నివీథిలో ఆరితేరిన సారథి ఎవడికీ సాధ్యమయ్యే పని కాదది. వాళ్ల చేతులు రెండూ ఎప్పుడూ పగ్గానికీ కొరడాకూ సరి. వల్లి పగ్గాలు వదిలేసింది.

"కాటుకా, మెల్లగా తల్లీ... ఆగొద్దు... కుడికి రవంత... ఇంకొంచెం... హో హో..."

ఆ రెండు గుర్రాలు, ఆమె పాట పాడుతున్నట్టే విన్నాయి. అంచుకు జానెడు దూరంలో చక్రం దొర్లింది. వల్లి ఒక చేత్తో కలశం వంచింది. చుక్క శరభుడి నుదుటి మీద పడింది. రాయి చెమర్చింది. ఆ చెమ్మ పాకినంత మేర బూడిదరంగు పోయి చామనఛాయ వచ్చింది. పగుల్లోని గడ్డిపోచ రాలి, అక్కడ రక్తపు చార తేలింది. రథం దాటిపోతుండగా ఆమె రెండు చేతులూ చాచి అన్న చంకల కింద పట్టి లాగింది. ఇద్దరూ రథంలో దబ్బున పడ్డారు.

శరభుడు దగ్గాడు. నోట్లోంచి రాతిపొడి వచ్చింది. కళ్లు తెరిచి చెల్లెల్ని చూశాడు.

"వల్లీ! నువ్వేందే ఈడ?"

వల్లి అన్నను కావలించుకొని భోరుమంది. కానీ కావలించుకోవడానికి కూడా వ్యవధి లేదు. ముందు దారి తిరగ్గానే తాళ్ల వంతెన కనిపించింది. వంతెన అవతల, అగ్నిగుండాల వైపు నుంచి ముందే ఎక్కివచ్చిన భైరవసేనుడు గొడ్డలితో తాళ్లు నరుకుతున్నాడు. తలెత్తి శరభుణ్ణి చూశాడు. చూసి, మళ్లీ తల దించుకొని, నరకడం మానలేదు. వెనక సేనాపతి దండు డెక్కల చప్పుడు దగ్గరపడుతున్నది. ఎడమవైపు, కొండలో, దారి మట్టాన కరకంఠుడి గుహ కింది నోరు తెరుచుకొని ఉంది. లోపల చీకట్లో ఏవో పచ్చని కళ్లు వెలిగి ఆరుతున్నాయి. ఆ గుహలోకి వెళ్లినవాడు బయటికి వచ్చిన కథ తామ్రగిరిలో ఎవరూ చెప్పలేదు.

శరభుడికి ఇవేవీ తెలియవు. అతని లెక్కలో అది ఇంకా పోయిన వసంతపు ఉదయమే. ఆకాశంలో పొద్దు చూసి కంగారుపడ్డాడు.

"అయ్యో, పొద్దెక్కిపోయిందే! మధ్యాహ్నం నీ పందెం గదా! పద, పద. నేను కంచె కాడ నిలబడి కేకెయ్యకుంటే నువ్వు సరిగా తోలవు. ఓబళవ్వ నా కోసం చూస్తా ఉంటాది."

వల్లి కళ్లు తుడుచుకుంది. వంతెన తాడు ఒకటి తెగి లోయలోకి జారింది.

"పందెం లేదన్నా."

"లేకపోవడమేంది?"

"పూలదారి మూసేశారు. అవ్వ ఇచ్చేసింది. నేను తీసుకున్నాను."

శరభుడికి ఆ మాట అర్థమయ్యేలోపే గుర్రాలు గుహ వైపు మళ్లాయి. ఎడమకు తిరగమని వాటికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.